‘పోరాడి ఓడింది’ అనకముందు

(2023 అక్టోబరు 7, శనివారం. హైదరాబాద్‌లో వ్యాయామోపాధ్యాయుల సమావేశంలో ఒక క్రీడా విలేకరి ఉపన్యాసం)



నిన్న మన ఉప్పల్లోనే పాకిస్థాన్ మీద నెదర్లాండ్స్ ఆడింది. మీలో కొందరు వెళ్ళే ఉంటారు. 287 కొట్టాలి. ఒక దశలో రెండే వికెట్లకు 120. చివరికి 205కి ఆలౌట్. ఇలాంటి మ్యాచ్ కోసం మా స్పోర్ట్స్ డెస్కుల్లో ఒక శీర్షిక ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: ‘పోరాడి ఓడింది’. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఎక్కడ ఓడింది, ఎప్పుడు ఓడింది, ఎందుకు ఓడింది అన్న మూడు ప్రశ్నలూ ఆ రెండు మాటల కింద పడి నలిగిపోతాయి. చిన్న జట్టును మెచ్చుకోవడం సులువు, అంచనా వేయడమే కష్టం. ఇవాళ ఆ పనే చేద్దామని వచ్చాను. జట్టు పోర్చుగల్, ఆట రగ్బీ. రేపు రాత్రి ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ప్రపంచకప్ మ్యాచ్, ఎదురుగా ఫిజీ.

రగ్బీ మనకి మరీ పరాయిది కాదు. ఇంగ్లండ్, స్కాట్లండ్ ఏటా పోటీపడే కలకత్తా కప్పు, 1870లలో మూతబడిన కలకత్తా క్లబ్బువాళ్ళు బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు కరిగించి చేయించిందే. మన వెండి అక్కడికి పోయింది, ఆట మాత్రం ఇక్కడ పెద్దగా వేళ్ళూనలేదు. జట్టుకు పదిహేను మంది, ఎనభై నిమిషాలు. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. గీత దాటించి నేలకి ఆనిస్తే ట్రై, ఐదు పాయింట్లు. ఆ పైన తన్నే కన్వర్షన్‌కు రెండు, పెనాల్టీకి మూడు. రేపటికి ఇది చాలు.

పోర్చుగల్ మొదటిసారి ప్రపంచకప్‌కు వచ్చింది 2007లో. ఆ జట్టులో ఎక్కువమంది వేరే ఉద్యోగాలు చేసుకుంటూ ఆడినవాళ్ళు. కెప్టెన్ వాస్కో ఉవా న్యాయవాది. న్యూజీలాండ్ వాళ్ళని 108-13తో ఓడించింది. అయినా జాతీయగీతం పాడుతూ ఏడ్చిన ఆ ఆటగాళ్ళని జనం గుండెల్లో పెట్టుకున్నారు. అందరూ చెప్పుకునేది ఆ మ్యాచ్ గురించే. నన్నడిగితే, ఆ జట్టు సత్తా తెలిసింది రొమేనియాతో ఆడిన మ్యాచ్‌లో. అక్కడ 14-10తో ఓడింది, నాలుగే పాయింట్లు. 108తో ఓడిన రోజు ఏ జట్టైనా అభిమానం సంపాదించుకోవచ్చు, నాలుగు పాయింట్లతో ఓడిన రోజే ఏం లోపించిందో తెలుస్తుంది. ఆ మ్యాచ్ జరిగింది కూడా తులూజ్‌లోనే.

తర్వాత పదహారేళ్ళు ప్రపంచకప్ మొహం చూడలేదు. 2016లో యూరప్ రెండో వరుస నుంచి కూడా కిందికి జారిపోయి, 2020కి గానీ తిరిగి రాలేదు. ఈసారి రావడం కూడా కొంత అదృష్టమే. అనర్హుడైన ఆటగాణ్ణి దించినందుకు స్పెయిన్ మీద వేటు పడింది, దాంతో దుబాయ్‌లో జరిగిన ఆఖరి అర్హత టోర్నీకి పోర్చుగల్‌కు దారి దొరికింది. అక్కడ అమెరికాతో ఆఖరి క్షణంలో సామ్యూల్ మార్కెస్ పెనాల్టీ కొట్టి 16-16 చేశాడు, పాయింట్ల తేడాతో వీళ్ళు ఫ్రాన్స్‌కు వచ్చారు. అదృష్టం ఉంటే ఉండొచ్చు గానీ, ఆ పెనాల్టీ తన్నడానికి ఒక కాలు కావాలి కదా.

కోచ్ పాట్రిస్ లాజిస్కే. ఒకప్పటి ఫ్రాన్స్ వింగర్, బియారిట్జ్ క్లబ్బును 2005, 2006లలో ఫ్రెంచి చాంపియన్‌గా నిలిపినవాడు. ఆయన చేసిన తెలివైన పని, ఫ్రాన్స్‌కు వలసపోయిన పోర్చుగీసు కుటుంబాల పిల్లలను వెతికి తెచ్చి, లిస్బన్ కుర్రాళ్ళతో కలపడం. మార్కెస్, ఫ్లాంకర్ నికోలా మార్టిన్స్ అలా వచ్చినవాళ్ళే. కెప్టెన్ తొమాస్ ఆపిల్టన్ దంతవైద్యం చదివినవాడు. అలాగని ఇది సరదాకి ఆడే డాక్టర్ల జట్టు అనుకోకండి. చాలామంది ఇప్పుడు ఫ్రాన్స్ రెండో శ్రేణి లీగ్‌లో ఆరితేరినవాళ్ళు.

ఇక ఈ టోర్నీలో ఆడిన మూడు మ్యాచ్‌లు. వేల్స్ మీద 28-8తో ఓటమి. విరామానికి 14-3, వేల్స్ నాలుగో ట్రై వచ్చింది ఆట ముగిసే వేళకి. అయితే వేల్స్ ఆ రోజు జట్టుని దాదాపు మొత్తం మార్చి దింపింది కాబట్టి, దీనికి నేను ఎక్కువ మార్కులు వేయను. జార్జియాతో 18-18. ఇదే జార్జియా మార్చిలో యూరోపియన్ ఫైనల్లో వీళ్ళని 38-11తో చిత్తు చేసింది. ఆరు నెలల్లో ఇరవై ఏడు పాయింట్ల తేడా పూడ్చేశారన్నమాట. నన్ను ఈ జట్టు వెంట పడేలా చేసింది ఆ లెక్కే. 13-0తో వెనకబడి పుంజుకున్నారు, వింగర్ రఫాయెల్ స్తోర్తీ రెండు ట్రైలు చేశాడు. ఆఖర్లో గెలిపించే పెనాల్టీ కూడా దొరికింది. తన్నింది మార్కెస్ కాదు, ఫుల్‌బ్యాక్ నునో సౌజా గెడెస్. తప్పింది.

మూడోది ఆస్ట్రేలియా, 34-14. ఈ స్కోరును విడదీసి చూడాలి. మొదటి ట్రై పోర్చుగల్‌దే, పెద్రో బెటెన్‌కోర్ట్ చేశాడు. కాసేపటికే పైకి ట్యాకిల్ చేసి పసుపు కార్డు తిన్నాడు. అతను బయట కూర్చున్న ఆ పది నిమిషాల్లో ఆస్ట్రేలియా మూడు ట్రైలు బాదింది. విరామానికి 24-7. రెండో అర్ధభాగం ఒక్కటే తీసుకుంటే 10-7. అంటే ఈ జట్టు ఎనభై నిమిషాలు చేతకాక ఓడలేదు, పద్నాలుగు మందితో ఆడిన పది నిమిషాల్లో ఓడింది. పిల్లలకి ట్యాకిల్ నేర్పేవాళ్ళు మీరు. భుజాల పైకి చెయ్యి పోతే ఎంత ఖర్చవుతుందో ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

ఇప్పుడు ఫిజీ. ఆగస్టులో ఇంగ్లండ్‌ను వాళ్ళ ట్వికెన్‌హామ్‌లోనే 30-22తో ఓడించారు. ఇక్కడ ఆస్ట్రేలియాను 22-15తో పడగొట్టారు. వాళ్ళ అసలు ఆయుధం ఆఫ్‌లోడ్, అంటే పట్టుబడ్డాక కూడా పడిపోతూ బంతిని పక్కవాడికి అందించడం. కబడ్డీలో కూతకొచ్చినవాడి మడమ దొరికిందని పట్టు సడలిస్తే, వాడి చెయ్యి గీత దాకా సాగుతుంది చూడండి, అచ్చం అలాగే. ఫిజీవాణ్ణి పట్టడానికి ఇద్దరు కావాలి. ఒకడు కాళ్ళ మీదికి, రెండోవాడు బంతి మీదికి. రెండోవాడు అర క్షణం ఆలస్యమైతే బంతి వెళ్ళిపోయినట్టే.

కానీ జార్జియాతో ఇదే ఫిజీ విరామానికి 9-0తో వెనకబడి, ముక్కుతూ మూలుగుతూ 17-12తో బయటపడింది. రేపు వాళ్ళకి ఒక్క పాయింటు చాలు. ఏడు లేదా అంతకన్నా తక్కువ తేడాతో ఓడినా బోనస్ పాయింటు వస్తుంది, క్వార్టర్ ఫైనల్‌కు వెళ్ళిపోతారు. ఓడినా ఫర్వాలేదనే స్థితిలో జట్టు ఎలా ఆడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

పోర్చుగల్‌కు ‘పోయేదేమీ లేదు’ అనే మాట మాత్రం ఒప్పుకోను. రెండు ప్రపంచకప్‌లలో ఏడు మ్యాచ్‌లు ఆడి ఆరు ఓడి, ఒకటి సమం చేశారు. మొదటి గెలుపు ఇంత దగ్గరికి వచ్చాక వదులుకోవడం తేలిక కాదు. పైగా పెద్ద జట్లు వీళ్ళతో మామూలు రోజుల్లో ఆడవు. యూరప్ అగ్రశ్రేణి టోర్నీ సిక్స్ నేషన్స్ తలుపు మూసే ఉంటుంది, ఓడినవాడు కిందికి రావడం, గెలిచినవాడు పైకి వెళ్ళడం అక్కడ లేదు. ఈ అన్యాయం గురించి టోర్నీ జరిగినన్నాళ్ళూ అందరూ మాట్లాడతారు, అయ్యాక మర్చిపోతారు. అది వేరే సభకి.

నా లెక్క అడుగుతారు. ఫిజీ పది పన్నెండు పాయింట్ల తేడాతో గెలుస్తుంది. బలం, బెంచీ రెండూ వాళ్ళవైపే ఉన్నాయి. అయితే ఆ లెక్కకి ఒక షరతు ఉంది. మనకి మ్యాచ్ ఆదివారం అర్ధరాత్రి దాటాక 12.30కి మొదలవుతుంది. మధ్యాహ్నం చెన్నైలో మనవాళ్ళు ఆస్ట్రేలియాతో క్రికెట్ ఆడతారు, అది చూశాక ఇంకా ఓపిక మిగిలినవాళ్ళ కోసం చెబుతున్నా. ఆట అరవయ్యో నిమిషానికి వచ్చేసరికి ఇక్కడ దాదాపు రెండవుతుంది. అప్పటిదాకా పోర్చుగల్ ఒక్క పసుపు కార్డూ తినకుండా, తేడా ఏడు పాయింట్ల లోపే ఉంటే, నా అంచనా చించేయండి. మార్కెస్ ఇంకా మైదానంలో ఉన్నాడో లేదో మాత్రం చూసుకోండి.