విడిగా ఉండే స్త్రీ - నెలవారీ పద్దు

(ఒంటరి స్త్రీలతో పనిచేసే కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి చట్టాల గురించి మాట్లాడుకుంటున్నాం. నాకు అప్పగించిన విషయం వాటి పక్కన చాలా చిన్నదిగా కనిపిస్తుంది - అద్దె, కరెంటు, గ్యాసు, పాలు. మొదటిసారి విడిగా ఉండవలసివచ్చిన స్త్రీ ఈ ఖర్చులు ఎలా సర్దుకుంటుంది అన్నది. దీన్ని పొదుపు చిట్కాల శీర్షికలకు వదిలేయడం మనకు అలవాటు. కానీ మన దగ్గరకు వచ్చి, కేసు వేసి, గది తీసుకుని, నాలుగైదు నెలల తర్వాత మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళిపోయిన స్త్రీలు మీ అందరికీ తెలుసు. 'రాజీ పడింది' అని ఫైలు మూసేస్తాం. వాళ్ళలో భర్త మీద నమ్మకంతో వెళ్ళిందెవరు, అద్దె కట్టలేక వెళ్ళిందెవరు అన్నది ఫైలులో ఉండదు.

2001 జనాభా లెక్కల్లో వితంతువులు, విడాకులు పొందినవారు, భర్త నుంచి విడిగా ఉంటున్నవారు, పెళ్ళికాని వారు కలిపి దేశంలో ఒంటరి స్త్రీలు 5.12 కోట్లు. 2011 నాటికి 7.14 కోట్లు. వీళ్ళంతా సొంతంగా ఇల్లు నడుపుతున్నారని కాదు. అన్న ఇంట్లో వెనక గదిలో ఉన్నవాళ్ళూ ఇందులో ఉన్నారు. అయితే ఆ వెనక గది నుంచి బయటకు రావాలనుకున్న రోజున ఎదురయ్యేది ఈ పద్దే.

'ఆడవాళ్ళకు లెక్కలు తెలియవు, నేర్పించాలి' అన్న ధోరణి మన సంస్థల్లో కూడా ఉంది. నాకు దీనితో పేచీ ఉంది. గోడమీద క్యాలెండర్లో పాల లెక్క రాసిందెవరు? కిరాణా కొట్లో ఖాతా తెగకుండా నెల దాటించిందెవరు? ఇంటి శ్రమ విభజనలో రోజువారీ ఖర్చు స్త్రీది, కాగితాలు మగవాడివి. కరెంటు మీటరు, అద్దె ఒప్పందం, బీమా ఎక్కువగా అతని పేరుమీదే ఉంటాయి. ఇరవై ఏళ్ళు ఆ ఇల్లు నడిపినా ఆమె అక్కడ ఉన్నట్టు చెప్పే ఒక్క బిల్లూ చాలాసార్లు ఉండదు. విడిగా వచ్చాక ఆమెకు కొత్త అయ్యేది కూడికలూ తీసివేతలూ కాదు, పేరూ తారీఖూ. బిల్లు ఎవరి పేరున వస్తుంది, ఏ తారీఖున వస్తుంది, ఆ తారీఖున చేతిలో డబ్బుంటుందా.

అద్దె దగ్గర మొదలుపెడదాం. ఇద్దరున్నా ఒకరున్నా గది అద్దె తగ్గదు. పైగా 'ఒంటరి ఆడది' అనగానే ఇల్లు దొరకదు, దొరికినచోట నాలుగు వందలు ఎక్కువ చెబుతారు. ఒంటరితనం మీద వేసే పన్ను ఇది, ఏ చట్టంలోనూ లేదు. రెండు మూడు నెలల అడ్వాన్సు ఒక్కసారిగా తేవాలి. చాలామంది చెవి కమ్మలు పోయేది ఇక్కడే.

కరెంటు గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే దీన్ని మనం పట్టించుకోం. తెలంగాణలో 2022లో సవరించిన ధరల ప్రకారం లెక్క ఇలా ఉంటుంది. నెలకు 100 యూనిట్లు దాటని ఇంటికి మొదటి 50 యూనిట్లు రూ. 1.95, తర్వాతి 50 యూనిట్లు రూ. 3.10. 80 యూనిట్లు వాడితే, ఇతర ఛార్జీలు కాక, రూ. 190.50. అదే ఆమె ఒక పోర్షన్లో సబ్ మీటరు మీద ఉంటే ఇంటాయన యూనిట్‌కు పది రూపాయలు వసూలు చేస్తాడు. అంటే 800. అన్ని పోర్షన్లూ ఒకే మీటరు మీద ఉంటే అతని బిల్లు పై స్లాబులో పడుతుంది కాబట్టి అతను చెప్పేది పూర్తిగా అబద్ధమూ కాదు. కానీ గది చూడ్డానికి వెళ్ళినప్పుడు అద్దెతోపాటు 'మీటరు విడిగా ఉందా' అని అడగాలి. నెలకు ఆరు వందల తేడా అంటే అది అద్దెలో తేడానే.

స్లాబు ఇంకో మెలిక పెడుతుంది. 200 యూనిట్ల దగ్గర ఆగితే యూనిట్ల ఖర్చు రూ. 820. ఒక్క యూనిట్ పెరిగి 201 అయితే మొత్తం లెక్క వేరే ధరల్లోకి పోతుంది, రూ. 1,027.70 అవుతుంది. ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల పైచిలుకు! 75 వాట్ల ఫ్యాను పదిగంటలు తిరిగితే ముప్పావు యూనిట్. 2,000 వాట్ల గీజరు అరగంటకే ఒక యూనిట్ తింటుంది. 200 వాట్ల కూలరు రాత్రి ఎనిమిది గంటలు వేస్తే నెలకు 48 యూనిట్లు. రీడింగ్ తీసే తారీఖుకు వారం ముందు మీటరు చూసుకోవడం అలవాటు చేసుకున్న స్త్రీకి ఈ దెబ్బ తగలదు. చెమటలో పడుకోమని నేను సలహా ఇవ్వడం లేదు. ఆదా పేరుతో ఆడవాళ్ళ ఒంటిమీద సుఖాన్ని కోసే సలహాలు ఇప్పటికే చాలా ఉన్నాయి.

గ్యాసుది వేరే తీరు. 14.2 కిలోల సిలిండరు ఒక్క మనిషికి రెండు మూడు నెలలు వస్తుంది. అందుకే ఆ ఖర్చు మరిచిపోయిన నెలలో వచ్చి పడుతుంది. సిలిండరు ధరలో మూడో వంతు ప్రతినెలా తీసి పక్కన పెట్టాలి. చిరునామా కాగితం లేనివాళ్ళకు గుర్తింపు కార్డు మీద ఇచ్చే 5 కిలోల సిలిండరు ఉంది, కిలో లెక్కన ఖరీదు ఎక్కువే అయినా మొదటి నెలలకు పనికొస్తుంది. బీమా, పిల్లల ఫీజు, పండక్కి ఊరు ప్రయాణం - ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేవాటిని పన్నెండుతో భాగించి నెల పద్దులో రాయాలి. రాయకపోతే ఆ నెల వడ్డీకి తెస్తుంది.

ఒక ఖర్చు మాత్రం తగ్గింది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో, కొన్ని రకాల సర్వీసులు మినహా, స్త్రీలకు ప్రయాణం ఉచితం. దీన్ని వెటకారం చేసేవాళ్ళు కోర్టు వాయిదాకు రెండు బస్సులు మారి వచ్చే స్త్రీ పద్దు ఒకసారి చూడాలి.

ఇప్పుడు కార్యకర్తలుగా మనకు ముఖ్యమైన సంగతి. ఈ పద్దు పుస్తకం కోర్టులో సాక్ష్యం. నేర విచారణ స్మృతి 125 సెక్షన్ కింద మనోవర్తి 500 రూపాయలు మించకూడదన్న పరిమితి 2001 దాకా ఉండేది. ఆ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144 వచ్చింది. 2020 నవంబర్ 4న రజనేశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు, భార్యాభర్తలిద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు, నెల ఖర్చుల వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలంది. మనోవర్తిని దరఖాస్తు చేసిన తేదీ నుంచి లెక్కగట్టాలని కూడా చెప్పింది. 2005 గృహహింస చట్టం కింద వేసే దరఖాస్తు ఫారంలో తిండి, బట్టలు, మందులు, ఫీజులు, ఇంటి ఖర్చు వేర్వేరుగా అడుగుతారు. 19వ సెక్షన్ కింద వేరే వసతి లేదా దాని అద్దె ఇప్పించమనీ కోరవచ్చు.

మనం ఏం చేస్తున్నాం? ఆమెను కూర్చోబెట్టి 'నెలకు ఎంత కావాలమ్మా' అంటాం. ఆమె భయంభయంగా 'పదివేలు' అంటుంది. అదే రాస్తాం. అవతలి వకీలు 'దేనికి పదివేలు?' అంటే జవాబుండదు. ఒకామె మూడు నెలల పాటు పాల చీటీ నుంచి మందుల బిల్లు దాకా దాచి తెచ్చింది. కూడి చూస్తే పద్నాలుగు వేల చిల్లర. ఆమే ఆశ్చర్యపోయింది. తన అవసరాన్ని తక్కువ చేసి చెప్పడం స్త్రీకి చిన్నప్పటినుంచీ అబ్బిన గుణం. నోటిమాటగా అడిగితే ఆ గుణమే జవాబు చెబుతుంది.

చివరగా రేషన్ కార్డు. 2013 ఆహార భద్రతా చట్టం 13వ సెక్షన్ ప్రకారం కుటుంబంలో పద్దెనిమిదేళ్ళు నిండిన పెద్ద స్త్రీయే కార్డుకు యజమాని. కాగితం మీద అలా ఉంది. ఆచరణలో విడిపోయిన స్త్రీ పేరు అత్తవారి కార్డులోనే ఉండిపోతుంది, కార్డు బీరువాలో అక్కడే ఉంటుంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి 200 యూనిట్ల వరకు వస్తున్న సున్నా బిల్లు ఆ కార్డుతో ముడిపడింది. ఆమె పేరున్న కార్డు మీద లాభం భర్త ఇంటి మీటరుకు పోతుంది, ఆమె మాత్రం సబ్ మీటరుకు పది రూపాయలు కడుతుంది. ఒంటరి మహిళల పింఛను 2017లో మొదలైంది, దానికీ విడిగా ఉంటున్నట్టు రుజువు కావాలి. అందుకే కేసు కాగితాలతోపాటే పాత కార్డులోంచి పేరు తీయించే దరఖాస్తు కూడా మొదటి వారంలోనే పెట్టించండి. భర్త సంతకం కావాలని కౌంటర్లో అంటే ఆ మాట రాసి ఇమ్మనండి.

అఫిడవిట్ నమూనా కాపీలు వెనక బల్లమీద ఉన్నాయి. భోజనాల తర్వాత నలుగురేసి కూర్చుని, మీరు ప్రస్తుతం చూస్తున్న కేసుల్లో ఒకామె నెల పద్దు దానిలో నింపి చూద్దాం. ఖాళీగా మిగిలిన గళ్ళు ఏవో రాసి తీసుకురండి, వాటి గురించి మాట్లాడుకుందాం.