బొట్టు ఎక్కడ పుట్టింది?

 మోటార్ మెకానిక్ ట్రేడు పూర్తిచేసి, ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చిన తల్లిదండ్రుల కళ్లముందు ఈ రోజు పట్టా అందుకుంటున్న విద్యార్థినీ విద్యార్థులకు నా అభినందనలు.

ఐటీఐలో చదివినవాళ్లకు చాలాకాలం ఇలాంటి వేడుక లేదు. 2022 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి నాడు, దేశమంతటా ఐటీఐ విద్యార్థులకు తొలిసారి స్నాతకోత్సవాలు జరిపారు. పానా పట్టే చేతికి వేదిక మీద పట్టా ఇవ్వడం ఎప్పుడో జరగాల్సిన పని. ఇంత మంచి రోజున నన్ను మాట్లాడమన్నారు కాబట్టి, మన పనిలోంచే ఒక విషయం తీసుకుంటాను. కారు ఇంజన్ అడుగున, ఆయిల్ చాంబర్‌కు ఉండే డ్రెయిన్ బోల్టు దగ్గర మెల్లగా కారే ఆయిల్ గురించి మాట్లాడతాను.

మీరు షెడ్డులో చేరిన కొత్తలోనే ఈ పని మీ ముందుకు వస్తుంది. బండాయన వచ్చి, "బాబూ, మొన్ననే ఆయిల్ మార్పించాను. పొద్దున లేచి చూస్తే బండి కింద రూపాయి బిళ్లంత మరక ఉంటోంది" అంటాడు. ఆ మాట వినగానే చెయ్యి పానా మీదికి పోతుంది. ఇంకో పావు చుట్టు బిగిస్తే సరిపోతుందిలే అనిపిస్తుంది. మిమ్మల్ని నేను కోరేది ఇదే: ఆ పావు చుట్టుకు ముందు ఆగండి. బోల్టు వదులైందేమో చూడండి. వదులు కాకపోతే బలంతో తీరే జబ్బు కాదది.

ఎందుకో చెబుతాను. పంపు పుట్టించే ఒత్తిడి చాంబర్‌లో ఉండదు. పంపు చాంబర్‌లోంచి ఆయిల్‌ను పైకి లాక్కుంటుంది, ఒత్తిడంతా పంపు దాటాక ఫిల్టరు వైపు, బేరింగుల వైపు ఉంటుంది. డ్రెయిన్ బోల్టు మీద పడేది నిలిచి ఉన్న ఆయిల్ బరువు మాత్రమే. పది సెంటీమీటర్ల లోతు ఆయిల్ కలిగించే ఒత్తిడి, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలో నూరో వంతుకు కూడా రాదు. అంత చిన్న ఒత్తిడికే ఆయిల్ దారి చేసుకుని బయటపడుతోందంటే, కూర్చోవలసిన చోట ఏదో సరిగా కూర్చోలేదన్నమాట.

అక్కడ కూర్చునేది వాషర్. ఆయిల్‌ను బోల్టు మరలు ఆపుతాయని చాలామంది అనుకుంటారు. మరల సందుల్లో చుట్లు తిరుగుతూ ఆయిల్ హాయిగా కిందికి దిగగలదు. బోల్టును లాగి పట్టి ఉంచడమే మరల పని. ఆయిల్‌ను ఆపేది బోల్టు తలకూ చాంబర్‌కూ మధ్య నలిగే ఆ రింగు. అల్యూమినియందైనా రాగిదైనా కావాలనే మెత్తగా చేస్తారు. బిగించినప్పుడు అది నలిగి, రెండు వైపులా ఉన్న సన్నని గీతల్లోకి సర్దుకుంటుంది. ఒకసారి నలిగిన వాషర్ రెండోసారి అంత బాగా సర్దుకోదు. రాగి అయితే నలిగినకొద్దీ గట్టిపడుతుంది. పాత మేస్త్రీలు దాన్ని ఎర్రగా కాల్చి చల్లార్చి మళ్లీ మెత్తబరిచేవారు. ఆ విద్య తెలిసి ఉండటం మంచిదే. కానీ టీ ఖర్చుతో కొత్తది దొరుకుతున్నప్పుడు కొత్తదే వేయండి.

ఇక్కడ ఇంకో మాట. బోల్టు చివర వేలాడుతున్న బొట్టు బోల్టు దగ్గరే పుట్టిందని అప్పుడే నమ్మకండి. ఇంజన్‌లో అన్నిటికన్నా కిందున్న చోటు అది. పైన ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ కారినా, ఫిల్టరు రబ్బరు రింగు కారినా, ప్రెజర్ స్విచ్చో క్రాంక్ ఆయిల్ సీలో కారినా, ఆయిల్ జారి జారి చివరికి అక్కడికే చేరుతుంది. బండి పోతున్నప్పుడు గాలి దాన్ని వెనక్కి కూడా తోస్తుంది. అందుకే ముందు చాంబర్‌నంతా శుభ్రంగా తుడవండి, జిడ్డు లేకుండా కడిగి ఆరనివ్వండి. అనుమానమున్న చోటల్లా కాస్త టాల్కం పౌడరు చల్లి ఇంజన్ నడిపించండి. తడి ముందు ఎక్కడ తేలిందో పౌడరు చూపిస్తుంది. ఇంజన్ నడుస్తుంటేనే కారి, ఆపగానే ఆగిపోతే, పంపు ఒత్తిడి ఉన్న భాగాలను అనుమానించండి. రాత్రంతా ఆగి ఉన్న బండి కూడా కారుతుంటే, ఆయిల్ మట్టం కంటే కింద వెతకండి. క్రాంక్ కేసులోని వాయువులను బయటికి లాగే పీసీవీ వాల్వు మూసుకుపోయిందేమో కూడా చూడండి. అది మూసుకుపోతే క్రాంక్ కేసులో ఒత్తిడి పెరిగి, బాగున్న సీళ్ల దగ్గర కూడా ఆయిల్‌ను బయటికి తోస్తుంది. అలాంటి బండికి ఎన్ని వాషర్లు మార్చినా ఆయిల్ మళ్లీ కారుతుంది.

జబ్బు బోల్టు దగ్గరేనని తేలాక, బండిని చదును నేల మీద ఎత్తి స్టాండ్లు పెట్టండి. జాకీని నమ్మి బండి కింద దూరవద్దు, మీ అమ్మానాన్నల ముందు చెబుతున్నాను. ఇంజన్ గోరువెచ్చగా ఉండగా ఆయిల్ దించి, బోల్టు తీశాక వేలితో చాంబర్ ముఖం తడమండి. పాత వాషర్ అక్కడే అతుక్కుని ఉండొచ్చు. గమనించకుండా దాని మీద కొత్తది వేసిన బళ్లు ఉంటాయి. ముఖం మీద గంట్లు, ఇసుక, పాత సీలెంట్ ముక్కలు లేకుండా తుడిచి, కొత్త వాషర్ వేసి, మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే తిప్పండి. చేత్తో తిరగకపోతే మర తప్పినట్టే, వెనక్కి తీయండి.

ఆపైన టార్క్ రెంచ్. చాలా మారుతీ కార్లలో ఈ బోల్టుకు 35 న్యూటన్ మీటర్లు. వేరే బండికి వేరే లెక్క ఉంటుంది, మాన్యువల్ చూడాలి. 35 అంటే, 25 సెంటీమీటర్ల పానా కొస మీద దాదాపు 14 కిలోల బరువు వేలాడదీసినంత. పైపు తొడిగి ఒంటి బరువంతా వేసేవాళ్లు దానికి ఎన్నో రెట్లు బిగిస్తారు. అల్యూమినియం చాంబర్ దాన్ని తట్టుకోలేదు. తర్వాతి ఆయిల్ మార్పుకు బోల్టుతో పాటు మరలూ ఊడి వస్తాయి. అప్పుడు కొత్త మర తీసి ఇన్సర్ట్ వేయాలి, లేదా చాంబరే మార్చాలి. ఇన్సర్ట్ వేసేటప్పుడు చాంబర్ దించి చేయడమే నయం, లోహపు పొట్టు లోపల మిగిలితే దాని దారి బేరింగుల వైపు. ఎంసీల్ పూయడం, టెఫ్లాన్ టేపు చుట్టడం నేను ఒప్పుకోను. టేపు ముక్క ఊడి స్ట్రెయినర్‌కు అడ్డం పడితే చిన్న లీకు పోయి ఇంజనే పోతుంది.

బొట్టే కదా అనేవాళ్లకు లెక్క చూపించండి. నిమిషానికో బొట్టు అయితే రోజుకు 1,440 బొట్లు. మిల్లీలీటరుకు 30 బొట్లు వేసుకున్నా రోజుకు 48 మిల్లీలీటర్లు, నెలకు దాదాపు లీటరున్నర. చిన్న కారులో పట్టేదే మూడు లీటర్లకు అటూ ఇటూ. డాష్‌బోర్డు మీది ఎర్ర దీపం మట్టం తగ్గగానే వెలుగుతుందని చాలామంది ధైర్యం. అది ఒత్తిడి పడిపోయాక వెలిగే దీపం, అప్పటికి బేరింగులు ఆయిల్ లేకుండా తిరుగుతుంటాయి. డిప్‌స్టిక్ తీసి చూడటం బండాయనకు మీరే నేర్పండి.

ఇదంతా తెలిసినా షెడ్డులో చేయడం తేలిక కాదని నాకు తెలుసు. మీరు చిన్నవాళ్లు, మేస్త్రి "పాతదే వేసెయ్, బండి పంపాలి" అంటాడు. ఎదురు చెప్పాల్సిన పని లేదు. "అన్నా, రేపు మళ్లీ వస్తే ఆయిల్ మనమే దించాలి, వాషర్ నేను తెచ్చి వేస్తాను" అనండి. ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్త వాషర్ వేయండి, బిల్లులో దాన్ని విడిగా రాయండి, పాతది బండాయన చేతికివ్వండి. దించిన ఆయిల్ కాలువలో పోయకండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి అది వస్తుంది, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. చేతికి తొడుగు లేకుండా అందులో చేయి పెట్టొద్దు.

ప్రిన్సిపాల్ గారికి చివరగా ఒక విన్నపం. వచ్చే బ్యాచ్‌కు ప్రతి బెంచీ మీద ఒక టార్క్ రెంచ్ ఉండేలా చూడండి. పని అయ్యాక దాన్ని కనిష్ఠ అంకెకు వదులు చేసి పెట్టె‌లో పెట్టే అలవాటు ఇక్కడే నేర్పండి. ఈ రోజు వెళ్తున్న పిల్లలకు నేను చెప్పేది, మొదటి జీతాల్లోంచి కొంత దాచి సొంతంగా ఒకటి కొనుక్కోండి అని.