నేలబారు కారును ఇంట పైకెత్తుట



మన యిండ్లలో ఎడ్లబండ్లున్న దినములలో ఇరుసునకు కందెన వేయుట మీలో చాలమంది యెరుగుదురు. ఇద్దరు బండిని భుజములతో ఎత్తిపట్టగా, మూడవవాడు క్రింద దన్నుకర్ర నిలిపెడివాడు. కర్ర కదలక నిలిచినదని చేతితో త్రోసి చూచిన పిమ్మటనే చీల తీసి చక్రమును లాగెడివారు. ఎత్తు బలము వేరు, నిలుపు బలము వేరు అని మా తండ్రిగారు చెప్పుచుండెడివారు. ఈ దినమున నేను చెప్పబోవునది అమెరికాలోని యొక చిన్నకారును గూర్చిన మాటయే యైనను, దాని సారమంతయు ఆ దన్నుకర్రలోనే యున్నది.

నేను 30 ఏండ్లు విజయవాడ ఆటోనగరులో లారీలు బాగుచేసి బ్రతికినవాడను. 1987వ సంవత్సరపు వేసవిలో ఒక లారీ వెనుక ఇరుసును జాకీపై లేపితిమి. క్రింద కొయ్యదిమ్మలు పెట్టవలసి యుండెను. అవి దొడ్డి యవతల నుండెను. "ఐదు నిమిషముల పనియే గదా, కానిమ్ము" అని క్రింద దూరిన కుర్రవానితో నేనే అంటిని. జాకీలోని రబ్బరు వాషరు అరిగియున్న సంగతి మేమెవ్వరమును చూడలేదు. నూనె బొట్టుబొట్టుగా కారి లారీ క్రిందికి దిగినది. కుర్రవాని ప్రాణము దక్కెను గాని కుడిచేయి మరల పనికి రాలేదు. ఆతడు నన్నెన్నడును నిందింపలేదు. ఆ మాట నా నోటనే వచ్చినదని నాకు తెలియును. అది చాలును.

2023వ సంవత్సరమున టెక్సాసు రాష్ట్రమున డాలసు నగరము చెంత నున్న మా కుమారుని యింటికి పోయితిని. ఆ ప్రాంతమున మన తెలుగువారు వేలకొలది కాపురముండుట మీరు వినియేయుందురు. మావాడు పాతదైన మాజ్దా ఎం.ఎక్స్.-5 అను రెండు సీట్ల కారును కొనియుండెను. ఇది 1989వ సంవత్సరమున చికాగో మోటారు ప్రదర్శనమున మొదట లోకమునకు కానవచ్చిన కారు. 2016 నాటికి పదిలక్షలవ బండి తయారైనది. బరువు ఇంచుమించు 1000 మొదలు 1100 కిలోగ్రాములు. ఆ బరువు ముందు చక్రములపై సగము, వెనుక చక్రములపై సగముగా పంచబడియుండును. మలుపులలో నేలను కరచుకొని పోవుటకై దానిని పొట్టిగా చేసినారు. పూర్వపు యజమాని స్ప్రింగులు మార్చి మరికొంత దించెను. నేను కొలచి చూడగా అడుగుభాగమునకును నేలకును నడుమ 4 అంగుళములే యుండెను. మామూలు జాకీ దానిక్రింద దూరనే దూరదు.

మావాడు ఇంజను నూనె మార్చుట, బ్రేకులు చూచుకొనుట తానే చేసికొన గోరెను. "నాన్నగారూ, ఇంటిలో పెట్టుకొనదగిన లిఫ్టు ఏది కొనమందురు?" అని యడిగెను. నాకు మొదట లారీయు, ఆ కుర్రవాని చేయియు కన్నుల యెదుట నిలిచెను. వలదనుటకు నోరు తెరచితిని. కాని వలదన్నచో వాడు నేను లేనప్పుడు ఏదో యొకదానితో చేయును. కావున తెలిసి చేయించుటయే మేలని తలచి, అన్నియు వివరముగా చూచితిమి.

సాధనములు ముఖ్యముగా మూడు విధములు.

మొదటిది, చక్రముల జాకీయు, నాలుగు ఇనుప స్టాండులును. జాకీలోని సూత్రము పాతది. జోసెఫ్ బ్రామా అను ఆంగ్లేయుడు 1795లో నీటియొత్తిడి యంత్రమునకు హక్కుపత్రము పొందెను; రిచర్డ్ డడ్జన్ అను నాతడు అమెరికాలో 1851లో దానిని చేతితో మోసికొనిపోదగిన జాకీగా మలచెను. చిన్న గొట్టములోని నూనెను నొక్కినచో, దానికి 20 రెట్లు వైశాల్యముగల పెద్ద గొట్టములో 20 రెట్ల బలము పుట్టును. కాని పెద్దది ఒక అంగుళము లేవవలెనన్న చిన్నదానిని 20 అంగుళములు నొక్కవలెను. కావుననే అన్నిసార్లు పిడిని కొట్టవలసివచ్చును. ఇది చౌకయైన మార్గము. నేలబారు కార్లకై తల 3 అంగుళములకే వంగు జాకీలు కూడ దొరకును. లేదా చక్రములను రెండు దళసరి పలకలపై కెక్కించి, పిమ్మట జాకీ తోయవచ్చును. చిక్కేమనగా, ఒక వైపు లేపి స్టాండు పెట్టి, మరియొక వైపు లేపు వేళ కారు వంగి మొదటి స్టాండును పక్కకు నెట్టవచ్చును.

రెండవది, రెండు పొట్టి స్తంభముల లిఫ్టు. స్తంభములను కాంక్రీటు నేలలో బోల్టులతో బిగించి, పని తీరగానే విప్పి గోడ ప్రక్కకు చేర్చవచ్చును. కారు ఛాతీయెత్తున లేచును. క్రింద చిన్నపీటపై కూర్చుండి పని చేసికొనవచ్చును. మావాని మనస్సు దీనిపైననే యుండెను.

మూడవది, రెండు ఇనుపచట్రముల లిఫ్టు. కాలిఫోర్నియాలోని బెండ్‌పాక్ వారి క్విక్‌జాక్ ఈ తరగతిలోనిది. ముడిచినప్పుడు చట్రము సుమారు 3 అంగుళముల యెత్తు. ఒక్కొక్క దానిని కారు కిరుప్రక్కల క్రింద తోసి, గొట్టములు కలిపి, విద్యుత్తు మోటారు మీట నొక్కినచో రెండును సమముగా లేచి కారును సుమారు 20 అంగుళముల యెత్తున నిలుపును. పని తీరినపిమ్మట చట్రములను గోడకు తగిలింపవచ్చును.

ఇక ఎన్నుకొనుట యెట్లు? బరువు మొదట చూచితిమి. అచ్చటివారు పౌనులలో చెప్పుదురు. 5000 పౌనులనగా సుమారు 2268 కిలోగ్రాములు. మా కారు దానిలో సగమునకు మించదు. ఎప్పుడును ఇట్లు కొంత మిగులు ఉండుట మేలు.

పిమ్మట నేలను చూచితిమి. ఇక్కడనే స్తంభముల లిఫ్టు ఆశ తీరిపోయినది. టెక్సాసులోని బంకమట్టి నేల మన నల్లరేగడివలెనే వానకు ఉబ్బును, ఎండకు బీటలువారును. అందుచే అచ్చటి యిండ్లలో పెక్కింటికి కాంక్రీటు పునాదిలో ఉక్కు తీగలను బిగియలాగి కట్టుదురు. డ్రిల్లుతో రంధ్రము వేయునప్పుడు అట్టి తీగ తెగినచో, బిగించిన బలమంతయు ఒక్కమారు విడివడి మనిషిని గాయపరుపగలదు, పునాదియు చెడును. మావాని కారుషెడ్డు నేలపై తీగలు కలవను ముద్ర ఒక మూల నుండెను. నాలుగేండ్లుగా దానిపై చెప్పులపెట్టె పెట్టి యున్నారు! పెట్టె జరిపి ముద్ర చదివిన వెంటనే స్తంభముల మాట విడిచిపెట్టితిమి.

పిదప కారును కొలచితిమి. ఏ కారునైనను ఎక్కడబడిన నక్కడ లేపరాదు. తలుపు క్రింద రెండు రేకులు కలిపి అతికిన అంచు కలదు; అందు ముందుచక్రము వెనుకను, వెనుకచక్రము ముందును బలపరచిన చోట్లు కలవు. కారుతోడి పుస్తకములో వానిని బొమ్మ వేసి చూపియుందురు. ఆ రెండు చోట్లకు నడుమ దూరము చట్రముపై రబ్బరుదిమ్మలు నిలుచు నెడమునకు సరిపోవలెను. చట్రము పొడుగైనచో చిన్నకారు చక్రముల నడుమ ఇమడదు. చౌకగా వచ్చినదని పొడుగు చట్రము కొని తిరిగి పంపినవారు కలరు. మరియు అడుగు ఎత్తును కారును కొన్నప్పటి పుస్తకమునుబట్టి కాక, నేటి టైర్లపై, నేటి స్ప్రింగులపై స్వయముగా కొలువవలెను. మా 4 అంగుళములలో 3 అంగుళముల చట్రము దూరును; దూరిన తరువాతనే రబ్బరుదిమ్మను పైన పెట్టవలెను.

ఇట్లు చివరకు చట్రముల లిఫ్టే కొంటిమి. స్తంభములపైనంత ఎత్తు లేదు. క్రింద పడుకొనియే పని చేయవలెను. ఆ కొరత తెలిసియే కొంటిమి.

వచ్చిన దినమున మావాడు కారును లేపి, వెంటనే క్రిందికి దూరబోయెను. మా కోడలు ద్వారమున నిలిచి, "మామయ్యగారూ, నూనె కారినచో దీనిని నిలుపునది ఏది?" అని యడిగినది. ఇంజనీరింగు చదువని ఆ బిడ్డ అడిగిన ప్రశ్న, నేను 1987లో అడుగవలసిన ప్రశ్న. చట్రమునకు ఇనుప అడ్డుకడ్డీ యున్నది. కారును పైకి లేపి, ఆ కడ్డీని తాళము గాడిలో పడవేసి, పిమ్మట కొంచెము దింపి బరువంతయు దానిపై కూర్చుండజేయవలెను. అప్పుడు నూనె ఉన్నను లేకున్నను కారు దిగదు. మావాడు లేపెను గాని కడ్డీ వేయలేదు. నేను ఏమియు అనలేదు. వాడు తలవంచుకొని పోయి కడ్డీ వేసి వచ్చెను. తరువాత నేనే రెండు చేతులతో కారును బలముగా ఊపి చూచి, "ఇప్పుడు దూరుము" అంటిని.

ఆనాటినుండి ఆ యింట రెండు కట్టుబాట్లు కలవు. కడ్డీ పడిన చప్పుడు ఇద్దరు వినక ఎవ్వరును క్రిందికి పోరాదు. కారు పైనున్నంతసేపు మనుమలు షెడ్డులోనికి రారాదు.

పెద్దలారా, మీకు రెండు సీట్ల కారుతో పనియేమి యని యనుకొనకుడు. మీ వాకిట ట్రాక్టరు కలదు, ట్రక్కు కలదు. టైరు దిగినప్పుడు మన కుర్రవాండ్రు జాకీ వేసి, క్రింద రెండు ఇటుకలు పేర్చి, లోపల దూరుట మీరు నిత్యము చూచుచున్నదే. ఇటుక ఒక్కమారుగా పగులును. పగులునప్పుడు చెప్పి పగులదు. చదునైన గట్టినేల చూచి, దిగువ చక్రములకు అడ్డు వేయించి, ఇనుప స్టాండో దిట్టమైన కొయ్యదిమ్మయో పెట్టించి, చేతితో ఊపి చూచిన పిమ్మటనే వారిని పోనిండు. "ఐదు నిమిషముల పనియే" అని వారన్నచో, ఒక ముసలివాడు రేడియోలో చెప్పిన మాట వారికి చెప్పుడు.