పల్లపు నేలలో పరిశ్రమ కట్టేముందు

పట్టాలు అందుకోబోతున్న మీకూ, ఇంతదాకా చదివించి ఇప్పుడు వెనక వరసల్లో కూర్చున్న మీ అమ్మానాన్నలకూ అభినందనలు.

మీలో కొందరు రేపు పారిశ్రామిక పార్కులు కట్టే పనుల్లో చేరతారు. నరసాపురంలో చదివినవాళ్లకు అక్కడ ఒక సంగతి అందరికన్నా ముందు తట్టాలి. గోదావరి డెల్టాలో ఒకడు మెరక చేసుకుంటే పక్కవాడు పల్లంలో పడతాడు. లెక్క వేయండి. 50 ఎకరాల వరిచేనును ఒక మీటరు మెరక చేస్తే, ముంపు రోజున అక్కడ నిలవాల్సిన 2 లక్షల ఘనపు మీటర్ల నీరు వేరే చోటు చూసుకుంటుంది. ఆ చోటు చాలాసార్లు పార్కు గోడ అవతలి పేటే. చేలో పడిన వాన గట్ల మధ్య నిలిచి మెల్లగా దిగేది. రేకుల మీద, కాంక్రీటు మీద పడింది చూస్తుండగానే డ్రెయిన్‌లోకి దూకుతుంది. డ్రెయిన్ మాత్రం పాతదే, సగం గుర్రపుడెక్కే.

వరద అంటే మనవాళ్లు ఏటిగట్టు వైపే చూస్తారు. నిజమే, ధవళేశ్వరం దగ్గర 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు, 2022 జూలైలో 25 లక్షలు దాటాయి. కానీ గట్టు నిలబడినా ఊళ్లు మునుగుతాయి. గోదావరి పాయ వశిష్ఠ నిండుగా ఉండి, సముద్రం పోటు మీదుంటే డ్రెయిన్ల నీరు బయటికి పోదు. లోపల పడిన వాన లోపలే ఉండిపోతుంది. అందుకే పార్కు ఎత్తును పక్క రోడ్డును చూసి కాదు, పెద్దవాన, పోటు కలిసొచ్చిన రోజు డ్రెయిన్‌లో నీరు ఎంతవరకు లేస్తుందో చూసి తేల్చాలి. కరెంటు ప్యానెళ్లు, ఐసు ప్లాంటు అమ్మోనియా గది ఆ మట్టానికి పైనే ఉండాలి.

తుందుర్రు మీకు చెప్పక్కర్లేదు. అక్కడ ఆక్వా ఫుడ్ పార్కు తలపెట్టినప్పుడు చుట్టుపక్కల ఊళ్లు అడిగిన ప్రశ్న ఒక్కటే: పార్కు వ్యర్థజలాలు గొంతేరు డ్రెయిన్‌లోకి వదులుతారా? 2016లో ఆందోళనలు ముదిరాయి, 144 సెక్షన్ పెట్టారు. వ్యర్థజలాలను పైపులైన్‌తో సముద్రానికి పంపుతామని ప్రభుత్వం చెప్పింది. మరుసటి ఏడు మొగల్తూరు మండలంలో ఒక రొయ్యల ప్లాంటు ట్యాంకులో దిగి ఐదుగురు కార్మికులు చనిపోయారు. ఆ ఊళ్లవాళ్ల భయాన్ని అభివృద్ధికి అడ్డమని కొట్టిపారేయడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. నీటి దారి శంకుస్థాపనకు ముందే ఊరి ముందు పెట్టాల్సిన కాగితం. పైపు సముద్రం దాకా వెళ్లినా ప్రశ్న తీరిపోదు, అడిగేవాళ్లు మారతారంతే. ఈసారి వేటకెళ్లే మత్స్యకారులు అడుగుతారు.

డ్రెయిన్‌ను మనం మురుగు అంటాం గానీ, చేపపిల్లలకు, పీతలకు అదే రహదారి, కొంగలకు అదే మేత చోటు. అది చేరే చోట మడ అడవి ఉంటే రొయ్యపిల్ల అక్కడే ఎదుగుతుంది, తుఫాను అలల జోరు అక్కడే కొంత తగ్గుతుంది. రొయ్యను ప్యాక్ చేసే పార్కు రొయ్య పుట్టిల్లును చెరపడం ఏ బ్యాలెన్స్ షీట్‌లోనూ కుదరని లెక్క. ఉదాహరణకు కొల్లేరు సరస్సు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. అయినా చేపల చెరువులు పెరిగాయి. 2006లో వాటి గట్లు తెగ్గొట్టాల్సి వచ్చింది. ముందే ఆపడం ఎంత చవకో చూడండి.

మరి పార్కులే వద్దా? ఉద్యోగాలు కావాలి, మీకే కావాలి. స్థలంలో అన్నిటికన్నా పల్లమైన చోటును ప్లాట్లుగా అమ్మకుండా చెరువుగా వదిలేయండి, వాన అక్కడ ఆగాలి. వాననీటికీ వ్యర్థజలానికీ ఒకే గొట్టం వేయమంటే సంతకం పెట్టకండి. డ్రెయిన్ గట్టున గోడ వెనక్కి జరపండి, ఈ నేలకు అలవాటైన చెట్లే వేయండి. పూడిక తీత ఖర్చు ఎవరిదో లీజు పత్రంలోనే రాయించండి. రాయించకపోతే ఆ పని ఎవరిదీ కాదు, ఆ మాట కోసం యజమానితో నాలుగు మాటలు పడినా పర్వాలేదు.

చాలాసేపు మాట్లాడాను. మీవాళ్లు ఫోటోల కోసం ఎదురుచూస్తున్నారు, రండి, పట్టాలు అందుకోండి.