బొమ్మ ఇటుకల యంత్రమనిషి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో లెక్కలు, సైన్సు చెప్పుకునేవాణ్ణి. తెలుగులో ఉపన్యాసం ఇవ్వడం నాకు అలవాటు తక్కువ. మాటల్లో తప్పులు దొర్లితే మన్నించాలని ముందుగానే మనవి చేసుకుంటున్నాను. కార్యదర్శిగారు "విద్య గురించి నాలుగు మాటలు చెప్పండి మాస్టర్ సాబ్" అన్నారు. విద్య గొప్పదని మనం ఏటా వింటూనే ఉన్నాం. అందుచేత ఈసారి ఒక బొమ్మ గురించి చెబుతాను. నవ్వకండి, విద్య అందులోనే ఉంది.

ఒకనాడు మెకానిక్ షెడ్డు నడుపుకునే ఒక తండ్రి తన కొడుకును రెక్క పట్టుకుని బడికి తీసుకొచ్చాడు. "మాస్టర్ సాబ్, వీడు పుస్తకం ముట్టడు. అగ్గిపెట్టెలు, అట్టముక్కలు ముందేసుకుని సినిమాలో రోబో చేస్తానంటాడు. మీరే గట్టిగా చెప్పాలి" అన్నాడు. నేను గట్టిగా చెప్పబోయే లోపల ఆ పిల్లవాడు నోటుబుక్కు తెరిచి ఒక బొమ్మ చూపించాడు. "సార్, ఇది బొమ్మ ఇటుకలతో చేసిందట. సినిమాలో ఎంత ఎత్తుందో అంత ఎత్తట. ఇది నిజంగా నడుస్తుందా, ఊరికే నిలబడుతుందా?" అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకు జవాబు తెలియలేదు. తండ్రికి ఏదో సర్ది చెప్పి పంపేశాను. ఆ రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టాను. చదివిందే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఆ బొమ్మ ఆర్‌టూ-డీటూ. 1977లో వచ్చిన స్టార్ వార్స్ అనే అమెరికా సినిమాలోది. గుండ్రని పీపాలాంటి ఒళ్లు, గుమ్మటంలాంటి తల, పక్కల రెండు కాళ్లు, అవసరమైతే మధ్యలో మూడో కాలు. ఎత్తు సుమారు 109 సెంటీమీటర్లు. తెర మీద చూసినవారు అది పూర్తిగా యంత్రమే అనుకున్నారు. కాని రెండు కాళ్ల మీద నిలబడే బొమ్మ లోపల ఒక మనిషి కూర్చునేవాడు. ఆయన పేరు కెన్నీ బేకర్, ఎత్తు మూడడుగుల ఎనిమిది అంగుళాలు. మూడు కాళ్లది రేడియోతో నడిచేది. 1976లో ట్యునీషియా ఎడారిలో చిత్రీకరణ జరిగినప్పుడు ఆ రేడియో బొమ్మలు మాటిమాటికీ మొరాయించాయి. అంటే ఏమన్నమాట? సినిమావాళ్ల చేతిలోనే అది సరిగా నడవలేదు. అలాంటిదాన్ని బొమ్మ ఇటుకలతో చేసి నడిపించాలంటే, సినిమావాళ్లు కత్తిరించి తప్పించుకున్న కష్టాన్ని మనం ఎదురుగా నిలబడి పడాలి.

ఇక ఇటుకల సంగతి. డెన్మార్క్ దేశంలో బిల్లుండ్ అనే చిన్న ఊళ్లో ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి ఉండేవాడు. 1932లో చెక్క బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. 1934లో తన సరుకుకు లెగో అని పేరు పెట్టాడు. వాళ్ల భాషలో "బాగా ఆడు" అన్న రెండు మాటలు కలిపితే వచ్చిన పేరది. ఇవాళ మనం చూసే ప్లాస్టిక్ ఇటుకకు, పైన బుడిపెలు, కింద గొట్టాలు ఉన్నదానికి, 1958 జనవరి 28న పేటెంటు అడిగారు. ఒక ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. 109 సెంటీమీటర్లకు ఎన్ని వరసలు కావాలో పిల్లలు లెక్క కట్టండి. సుమారు 113 వరసలు వస్తాయి. "ఇంతేనా సార్!" అన్నారు మా క్లాసు పిల్లలు. ఇంతే కాదు.

2021లో ఆ కంపెనీవాళ్లే ఈ బొమ్మను చిన్నది ఒకటి అమ్మకానికి పెట్టారు. ఎత్తు సుమారు 31 సెంటీమీటర్లు, ముక్కలు 2,314. అసలు సైజు దానికి మూడున్నర రెట్లు. మరి ముక్కలు కూడా మూడున్నర రెట్లు చాలునా? చాలవు. ఎత్తు మూడున్నర రెట్లయితే పైతోలు సుమారు 12 రెట్లు అవుతుంది. లోపలి నిండు 43 రెట్లు అవుతుంది. పై డొల్ల మాత్రం కడితే 28 వేల ముక్కలు, లోపలంతా నింపితే దగ్గర దగ్గర లక్ష. బరువు కూడా అలాగే పెరుగుతుంది. ఒళ్లు బరువు 43 రెట్లు పెరిగితే దాన్ని మోసే కాలి అడ్డుకోత వైశాల్యం 12 రెట్లే పెరుగుతుంది. ఇది గెలీలియో 1638లో అచ్చు వేయించిన పుస్తకంలో చెప్పిన సూత్రమే. చీమ కాళ్లతో ఏనుగు ఎందుకు నిలబడలేదో అదే లెక్క ఇక్కడా.

అయితే ఇటుక నలిగిపోతుందా? అదీ కాదు. 2012లో ఇంగ్లండులోని ఓపెన్ యూనివర్సిటీలో ఒక చిన్న ఇటుకను యంత్రంలో పెట్టి నొక్కి చూశారు. సుమారు 432 కిలోల బరువు దాకా ఆగింది. మన బియ్యం బస్తాలు ఎన్నవుతాయో ఊహించుకోండి. నొక్కితే ఇంత గట్టిది. మరి లాగితే? మూడేళ్ల పిల్ల వేళ్లతో ఊడదీస్తుంది. కష్టమంతా ఇక్కడే ఉంది. బొమ్మ కదలకుండా నిలబడినంతసేపూ ఇటుక మీద పడేది నొక్కుడే. నడక మొదలుపెట్టగానే కాలు ఒకవైపు నొక్కబడుతుంది, మరోవైపు లాగబడుతుంది. లాగుడు వచ్చిన చోట గోడ విచ్చుకుంటుంది. అందుకని నడిచే బొమ్మలకు రంధ్రాలున్న పొడుగు దూలాలు, మేకుల్లాంటి పిన్నులు వాడతారు. టెక్నిక్ అని పిలిచే ఈ రకం ముక్కలు కూడా 1977లోనే వచ్చాయి.

ఉదాహరణకు రెండు పనులు చెబుతాను. 2013లో న్యూయార్క్ నడిబొడ్డున అదే సినిమాలోని విమానాన్ని అసలు సైజులో నిలబెట్టారు. 53,35,200 ఇటుకలు, 32 మంది పనివాళ్లు, సుమారు 17 వేల గంటల పని. లోపల ఉక్కు చట్రం. చూడటానికి బ్రహ్మాండం, కాని అది ఎగరదు. నిలబడి చూపించుకోవడమే దాని పని. రెండోది 2018లో చేసిన బుగాటి షిరాన్ కారు. 10 లక్షలకు పైగా టెక్నిక్ ముక్కలు, జిగురు చుక్క లేదు, బరువు 1,500 కిలోలు. అందులో 2,304 చిన్న బొమ్మ మోటార్లు, 4,032 పళ్ల చక్రాలు. అన్నీ కలిస్తే వచ్చిన బలం 5.3 అశ్వశక్తి. మన ఊరి స్కూటరుకు కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. అయినా లోపల మనిషిని కూర్చోబెట్టుకుని గంటకు 20 కిలోమీటర్లకు మించి పరుగెత్తింది. మొదటిదాని ముందు జనం నోరు తెరుచుకుని నిలబడ్డారు. రెండోదాని నుంచి ఇంజనీర్లు పాఠం నేర్చుకున్నారు. ఈ తేడా దయచేసి గుర్తుంచుకోండి.

ఈ పళ్ల చక్రాల దగ్గర నేను చిక్కుకుపోయాను. ఒక్కో బొమ్మ మోటారు బలం అంతంతమాత్రం. అది అంత బరువును ఎలా కదిలిస్తుంది? పుస్తకంలో చదివితే అర్థమైనట్టే ఉంటుంది గాని పిల్లలకు చెప్పబోతే మాట అందదు. చివరికి ఆ పిల్లవాడి తండ్రి షెడ్డుకే వెళ్లాను. ఆయన చేతులు తుడుచుకుని, విప్పి పెట్టిన గేరుబాక్సు ఒకటి ముందుకు లాగి, "చూడండి మాస్టర్ సాబ్. చిన్నదానికి 8 పళ్లు, పెద్దదానికి 40 ఉన్నాయనుకోండి. చిన్నది అయిదు చుట్లు తిరిగితేనే పెద్దది ఒక చుట్టు. వేగం అయిదో వంతు అయిపోతుంది, బలం అయిదు రెట్లు వస్తుంది. బండి ఎత్తు ఎక్కేటప్పుడు ఫస్ట్ గేరు ఎందుకు వేస్తాం మరి?" అన్నాడు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి రెండు నిమిషాల్లో నా సందేహం తీర్చేశాడు. ఆ పిల్లవాడు పానా చేతిలో పట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు. తన తండ్రి మాస్టరుకు పాఠం చెప్పడం వాడు అంతకుముందు ఎప్పుడూ చూసి ఉండడు.

కాళ్లు కుదిరాక తల సంగతి. ఆర్‌టూ తల చుట్టూ తిరగాలి. ఒకే దిక్కుకు తిప్పుతూ పోతే లోపలి వైర్లు తాడులా మెలిపడి తెగిపోతాయి. అందుకని ఒక చుట్టు కాగానే వెనక్కి తిప్పాలి, లేదా తిరుగుతూనే కరెంటు అందించే ఉంగరం అమర్చాలి. బ్యాటరీలు పైన పెడితే బోర్లా పడుతుంది, కాళ్లలో కిందికి పెడితే నిలుస్తుంది. ఇక బుద్ధి. 1998లో ఇదే కంపెనీ మైండ్‌స్టార్మ్స్ అనే ఇటుకను తెచ్చింది. దానిలో చిన్న కంప్యూటరు ఉంటుంది. వెలుతురు, తాకిడి పసిగట్టి, పిల్లలు రాసిన ఆజ్ఞల ప్రకారం మోటారు తిప్పుతుంది. ఆ పేరు సేమూర్ పాపర్ట్ అనే విద్యావేత్త 1980లో రాసిన పుస్తకం నుంచి వచ్చింది. ఆయన మాట సారాంశం ఇది: పిల్లవాడు తన చేత్తో ఒకటి తయారుచేస్తూ, తప్పును తనే వెతికి దిద్దుకుంటూ నేర్చుకున్న చదువే నిలుస్తుంది. 2022 చివర ఆ సరుకు ఆపేశారు, ఆయన మాట మాత్రం అలాగే ఉంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇలాంటి పని ఎవరూ ఒంటరిగా చేయలేదు. ఆర్‌టూ నకళ్లు చేసే ఔత్సాహికులు 1999లో ఒక క్లబ్బుగా ఏర్పడి తమ కొలతలు, పటాలు, పొరపాట్లు అన్నీ ఒకరికొకరు పంచుకున్నారు. వాళ్ల పనితనం చూసి 2015లో వచ్చిన సినిమా కోసం ఆ క్లబ్బులోని ఇద్దరు ఇంగ్లండువాసులనే పిలిచి పని అప్పగించారు. ఇది కొత్త పద్ధతి కాదు. దియార్‌బకర్ కొలువులో పనిచేసిన అల్ జజరీ 1206లో తన యంత్రాల పుస్తకం పూర్తిచేస్తూ, వేరే పనివాడు చూసి చేసుకోగలిగేటట్టు కొలతలతో, బొమ్మలతో రాసిపెట్టాడు. అందువల్లనే ఆయన ఏనుగు గడియారానికి ఇవాళ దుబాయిలోని ఇబ్న్ బతూతా మాల్‌లో పెద్ద నకలు నిలబడి ఉంది. మన ఇళ్లలోంచి అక్కడికి వెళ్లినవారు చూసే ఉంటారు. రాసిపెట్టిన హునరు ఎనిమిది వందల ఏళ్లు బతికింది. మనసులో దాచుకున్నది మనిషితోనే పోతుంది.

"సరే మాస్టరుగారూ, ఎంత చేసినా బొమ్మ బొమ్మే కదా" అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. ఫ్రాన్సుకు, స్పెయినుకు మధ్య అండోరా అనే చిన్న దేశం ఉంది. అక్కడ డేవిడ్ అగీలార్ అనే అబ్బాయికి పుట్టుకతోనే కుడి ముంజేయి లేదు. తొమ్మిదేళ్లప్పుడు ఈ బొమ్మ ఇటుకలతోనే తనకు చెయ్యి కట్టుకున్నాడు. అది గట్టిగా నిలవలేదు. వదలలేదు. 2017లో, 18 ఏళ్ల వయసులో, మోచేయి వంగే, వస్తువు పట్టుకునే చెయ్యి కట్టుకున్నాడు. ఐరన్ మ్యాన్ సినిమాలోని కవచం పేరు మీద దానికి ఎంకే-1 అని పేరు పెట్టుకున్నాడు. బొమ్మ ఇటుకలతో చేసిన మొదటి పనిచేసే కృత్రిమ హస్తంగా అది గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మొదటి చెయ్యి విరిగినప్పుడు ఇంట్లోవాళ్లు "ఇక చాలు, ఈ ఆటలు కట్టిపెట్టు" అని పెట్టెను అటకెక్కించి ఉంటే రెండోది వచ్చేదా? ఆలోచించండి.

ఇప్పుడు ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబు. బేటా, అది నడుస్తుంది. కాని కట్టినవాడు ఎన్నిసార్లు పడగొట్టుకుని మళ్లీ కట్టాడో అంత బాగా నడుస్తుంది.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఖరీదైన పెట్టెలు కొనమని నేను అనడం లేదు. అగ్గిపెట్టెలు చాలు, పాత సైకిలు చెయిను చాలు, చెడిపోయిన ఆటబొమ్మలోని మోటారు చాలు. పిల్లవాడు చేసింది కూలిపోయినప్పుడు "నీకెందుకురా ఇది" అనకండి. పక్కన కూర్చుని "ఎందుకు పడిపోయింది?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న నేను నల్లబల్ల మీద గీసే పది బొమ్మల పెట్టు. మీకు తెలిసిన పని, అది కుట్టు కానివ్వండి, వెల్డింగు కానివ్వండి, వాడికి చూపించండి. పుస్తకం సంగతి నేను చూసుకుంటాను.

ఆ తండ్రి ఈ సభలోనే ఉన్నాడు. పేరు చెప్పి ఇబ్బంది పెట్టను. సాయంత్రాలు షెడ్డులో ఒక మూల కొడుకుకు బల్ల వేసి ఇచ్చాడు. బల్ల మీద అగ్గిపెట్టెల రోబో ఉంది, దాని పక్కన లెక్కల పుస్తకం కూడా తెరిచి ఉంది. చక్రానికి ఎన్ని పళ్లు కావాలో తెలియాలంటే భాగహారం రావాలి కదా! రోబో ఇంకా నడవలేదు. రెండడుగులు వేసి పక్కకు ఒరుగుతోంది. ఎందుకు ఒరుగుతోందో తండ్రీకొడుకులు ఇద్దరూ కలిసి వెతుకుతున్నారు.