మా ద్వీపాంతర యాత్ర
(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



‘ద్వీపాంతరము’ అను మాట వినగానే మన పెద్దలకు శిక్షయే స్ఫురించెడిది. నేను చెప్పబోవు ద్వీపాంతరము శిక్ష కాదు; నేనును నా భార్యయు ఇష్టపడి టిక్కెట్టు కొనుక్కొని చేసిన విహారము. అయినను అందులో నా వంతు శిక్ష నాకు దొరకకపోలేదు.

2018వ సంవత్సరమున మా అబ్బాయి గ్రీసు దేశమునుండి ఫోటోలు పంపినాడు. అతడును మా కోడలును పిరేయస్ రేవులో ఓడ ఎక్కి, ఒక దీవిలో రెండు దినములు, వేరొక దీవిలో రెండు దినములు గడపుచు తిరిగినారట. తెల్లని యిండ్లు, నీలి గుమ్మటములు, మెట్ల వీథులు. వానిని చూచి నా భార్య, “మనకు లేవా ఏమిటి దీవులు? అండమాన్లు ఉన్నాయి కదా!” అన్నది. అప్పటికి నా ఉద్యోగ విరమణకు కొలది నెలలే మిగిలియున్నవి. రైలు పట్టాల మిల్లులో ముప్పది యేడేండ్లు మూడు షిఫ్టులు తిరిగినవాడను. పెండ్లినాటినుండి ఆమెకు సముద్రయానము చేయింతునని మాట ఇచ్చుచునే యుంటిని. ఈసారి తప్పించుకొను మార్గము లేకపోయెను.

నిజము చెప్పవలెనన్న, ఆమె మాటలో వేరొక మాట దాగియున్నదని నాకు తెలియును. తెలియనట్లు ఊరకుంటిని.

మా ఉభయులదియు కళింగపట్నము వైపు తీరము. 1950లలో ఈ కర్మాగారమునకు పునాదులు త్రవ్వునప్పుడు శ్రీకాకుళము, విశాఖపట్నము వైపులనుండి ఎందరో ఇక్కడికి పనికి వచ్చిరి. నెత్తిపై తట్టతో వచ్చిన వారిలో మా తండ్రిగారొకరు. అదే తీరమునుండి మరికొందరు తూర్పునకు ఓడ ఎక్కిరి. నా భార్య మేనమామ 1974లో అట్లు వెళ్లి, లిటిల్ అండమాను ద్వీపమున హట్‌బే రేవు దగ్గర వల వేసుకొని బ్రతికెను. మా అత్తగారు వైధవ్యము వచ్చిన పిదప మా యింటనే యుండెడిది. ఏటేటా సంక్రాంతికి ఆమె పేరిట తమ్ముని జాబు వచ్చెడిది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినది. జాబులు నిలిచినవి. ఆమె హట్‌బేకు వ్రాయించిన ఉత్తరమునకు బదులు లేదు. తమ్ముడు నీటిపాలైనాడను దుఃఖముతోనే 2008లో ఆమె కన్నుమూసినది. “ఒకసారి వెళ్లి కనుక్కుందామండీ” అని నా భార్య అన్నప్పుడెల్ల నాకేదో ఒక అడ్డు వచ్చెడిది. మిల్లు మరమ్మతులు, పిల్లల చదువులు, అమ్మాయి పెండ్లి. అడ్డులు నిజమైనవే, కాని పదునాలుగేండ్ల పొడవునా అడ్డులుండునా?

దుర్గులో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి, టిట్లాగఢ్, రాయగడల మీదుగా విశాఖపట్నము చేరి, డిసెంబరు నెలాఖరున ఓడలో బంకు తరగతిలో చోటు సంపాదించితిమి. మూడు రాత్రుల ప్రయాణము. సముద్రపుటొడ్డున పుట్టినవాడనన్న గర్వము నాకు మొదటి పూటతోనే వాంతియైపోయినది. నా భార్య మాత్రము ఇంటినుండి తెచ్చిన పులిహోర ముగించి, డెక్కుపై కొంగు బిగించుకొని నిలుచుండి, ఎగిరే చేపలను లెక్కించుచుండెను. మేము నడిసముద్రముననుండగా, డిసెంబరు 30న, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీపమైనది. నీల్ షహీద్ ద్వీపమైనది. రాస్ దీవికి నేతాజీ పేరు వచ్చినది. 1943లో అదే దినమున నేతాజీ పోర్టుబ్లెయరులో జెండా ఎగురవేసిన సందర్భమును పురస్కరించుకొని ఆ పేర్లు పెట్టిరి. టిక్కెట్లు కొన్ననాటి దీవులు మేము దిగునప్పటికి లేవన్నమాట! తరువాత 2024లో పోర్టుబ్లెయరు కూడ శ్రీవిజయపురమైనది. నేను వెళ్లిననాటి పేరే వాడెదను, మన్నింపుడు.

ఆ దీవులలో రైలు లేదు. 260 మీటర్ల పట్టాలు దేశము నలుమూలలకు పంపు ఊరివాడను, నా జన్మలో మొదటిసారిగా పట్టా కానరాని నేలపై కాలుపెట్టితిని. అక్కడ రైలు చేయు పనినంతయు లాంచీలు చేయును. కూరగాయల గంపలు, బడిపిల్లలు, మోటారు సైకిళ్లు, మేకలు, క్రొత్త పెండ్లికూతురు, అన్నియు ఒకే డెక్కుపై ఎక్కును.

సెల్యులార్ జైలు 1906లో పూర్తియైనది. ఏడు రెక్కలలో నేడు మూడే నిలిచియున్నవి. అల్లూరి సీతారామరాజు అనుచరులలో ఒకడగు గాము మల్లుదొర అండమానులలో శిక్ష ననుభవించి, 1952లో లోక్‌సభకు ఎన్నికైన సంగతి నాకు జ్ఞప్తికి వచ్చినది. మన్యపు కొండలలో తిరిగినవానికి ఆ చిన్న గదియు, బయట ఆ సముద్రపు హోరును ఎట్లుండెనో! మేము అక్కడ ఎక్కువసేపు నిలువలేకపోతిమి.

ఫీనిక్స్ బే జెట్టీలో ప్రభుత్వపు లాంచీ ఎక్కి నీల్‌కు వెళ్లితిమి. రెండు గంటల దారి. తూర్పు బెంగాలునుండి వచ్చిన శరణార్థులు అక్కడ స్థిరపడి, కూరగాయలు పండించి పోర్టుబ్లెయరుకు పంపుదురు. ఊళ్ల పేర్లు రామనగర్, సీతాపూర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్. సీతాపూరులో సూర్యోదయమును, లక్ష్మణ్‌పూరులో సూర్యాస్తమయమును చూచితిమి. గడియారము మన గడియారమే కాని, సూర్యుడు మాత్రము సాయంకాలము అయిదు దాటగానే షిఫ్టు ముగించుకొని పోవును! రెండు దినములు అక్కడ, మూడు దినములు హేవ్‌లాక్‌లో, పిదప బారాటాంగ్ బురద అగ్నిపర్వతము అని నేను కాగితముమీద గీతలు గీసికొని యుంటిని.

ఆ గీతలను పాబుక్ తుపాను చెరిపివేసినది. జనవరి మొదటి వారమున అది థాయిలాండు దాటి అండమాను సముద్రములోనికి వచ్చెను. లాంచీలు నిలిచిపోయినవి. జెట్టీలో పడవలు కట్టివేయుచున్న ఒక వృద్ధుడు మా మాటలు విని, “ఏటి బాబూ, మనోళ్లేనా? ఏ ఊరు?” అని పలుకరించినాడు. ఆశ్చర్యమేమియు లేదు. 2011 జనాభా లెక్కలలో ఆ దీవులవారిలో నూటికి పదముగ్గురు తెలుగువారు. లాంచీ ఎప్పుడు కదలునని నేను పూటకు రెండుసార్లు అడుగుచుండగా అతడు విసుగెత్తి, “గాలి సెప్పాల గానీ నానేటి సెప్తాను బాబూ!” అన్నాడు. సైరనుకు తప్ప దేనికిని తలవంచని నాకు ఆ మూడు దినములును మూడు నెలలుగా తోచినవి.

నా భార్య మాత్రము ఆ వృద్ధుని ఇంటికి పోయి, అతని భార్యతో కూర్చుండి, హట్‌బే సంగతులు కూపీ తీసినది. గాలి తగ్గిన రాత్రి నాతో, “మనకిక నాలుగు రోజులే మిగిలాయి. హేవ్‌లాక్ వద్దు, బురదకొండ వద్దు. హట్‌బే వెళదాం” అన్నది. వాటికి సొమ్ము కట్టితినని నేను చెప్పితిని. “పోతే పోనివ్వండి” అన్నది. నేను కొంత గట్టిగానే మాటాడితిని. ఆమె బదులాడలేదు, పెట్టె సర్దినది.

పోర్టుబ్లెయరునుండి హట్‌బేకు ఒక రాత్రి ప్రయాణము. దిగి ముగ్గురు నలుగురిని అడుగగనే ఒకడు గుర్తుపట్టినాడు. “కెరటానికి ఇల్లు పోయింది. మనుషులు బాగానే ఉన్నారు. కేంపులో కొన్నాళ్లుండి జంగ్లీఘాట్ ఎల్లిపోయినారు.” నా భార్య అక్కడనే ఒక రాతిపై కూలబడి కొంగు ముఖమునకు కప్పుకొన్నది. జంగ్లీఘాట్ పోర్టుబ్లెయరులోనిదే. మేము మొదట దిగిన బసనుండి నడిచిన పదిహేను నిమిషములు.

తిరిగి వచ్చి, చేపలరేవు వెనుక సందులో ఆ యిల్లు కనుగొంటిమి. మేనమామ 2013లో గతించినాడు. అత్త యున్నది. చూపు మందగించినది కాని, మేనకోడలి గొంతు వినగానే తల్లి పేరు పెట్టి పిలిచినది. ఏడ్పులు తగ్గిన పిదప ఆమె ఒక రేకుపెట్టె తెరచి, పసుపుపచ్చనైపోయిన కవరు తీసి యిచ్చినది. 2005 జనవరిలో వ్రాయించిన జాబు. పైన సెక్టార్ 6లోని మా పాత క్వార్టరు చిరునామా. దానిపై అడ్డముగా, క్వార్టరు విడిచి పోయినారని హిందీలో వ్రాసియున్నది.

సోదరులారా, 2003లో పెద్ద క్వార్టరు వచ్చినదని మేము సెక్టార్ 10కి మారితిమి. ఇరుగుపొరుగువారికి మిఠాయి పంచితిమి. బంధువులందరికి క్రొత్త చిరునామా నేను వ్రాసెదనని మా అత్తగారితో చెప్పితిని. పదిమందికి వ్రాసితిని. హట్‌బేకు వ్రాయలేదు. మరచితిని, అంతకుమించి కారణమేమియు లేదు. మారినప్పటినుండి సంక్రాంతి జాబు రాకపోయినను నాకు అనుమానము పుట్టలేదు. పిదప వచ్చిన సునామీ అన్నిటికిని జవాబైపోయినది.

నా భార్య కవరు విప్పి పైకి చదివినది. అందరము క్షేమము, అక్కా, బెంగపెట్టుకోవద్దు అని మూడు వరుసలు. “జాబు తిరిగొచ్చినకాడి నుంచి ఆయనకదే దిగులమ్మా” అన్నది అత్త. “అక్కకి నామీద కోపమొచ్చి చిరునామా చెప్పకుండా ఎళ్లిపోనాదని, పోయేదాకా అదే అనుకున్నాడు.” ఆ మాటకు జవాబు చెప్పవలసినవాడను నేనే. చెప్పితిని. అత్త చాలసేపు మాటాడలేదు. పిదప, “అన్నం తిందురు గాని లెగు నాయనా” అన్నది. కోనాం చేపల పులుసు వడ్డించినది.

బయలుదేరునప్పుడు మనుమడు ఒక నోటుపుస్తకము తెచ్చి, “అడ్రసు రాయండి” అని ముందుంచినాడు. నా భార్య కలము చేతబట్టి సెక్టార్ 10 అని వ్రాసి, ఆగి, నావైపు తిరిగి, “ఏప్రిల్లో రిటైరవుతారు, క్వార్టరు ఖాళీ చేస్తాం కదండీ. ఏది రాయమంటారు?” అని అడిగినది.