హైస్కూలు గడపనుండి కళాశాల మెట్టునకు

(కర్నూలున జరిగిన వార్షిక మహాసభయందలి యుపన్యాసము)



ఈ సభయందు విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పవలసినదిగా ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. వారి యాదరణకు కృతజ్ఞులము. విద్య మహాసముద్రము వంటిది. దాని నంతయు నీదుటకు మాకు శక్తియు లేదు, సభకు వ్యవధియు లేదు. కావున మన బిడ్డలు పదవ తరగతి ముగించిన నాడు వారి యెదుట నిలుచు నొక్క గండమును గూర్చియు, దానిని దాటించు త్రోవలను గూర్చియు మాత్రమే మనవి చేసెదము.

కర్నూలు జిల్లా పడమటి భాగపు సంగతి మీ రెఱుగనిది కాదు. ఆదోని, ఆలూరు, పత్తికొండ, కోసిగి ప్రాంతములలో వాన ముఖము చాటువేసిన యేడు ఇండ్లకు తాళములు పడును. జనులు సుగ్గికని బయలుదేరి గుంటూరు సీమకు పోయి ప్రత్తి తీయుదురు, మిరపకాయలు కోయుదురు. పెద్దల వెంట బిడ్డలును పోవుదురు. అట్టి యింటి బిడ్డ పదవ తరగతి గట్టెక్కుటయే యొక ఘనకార్యము. గట్టెక్కిన పిమ్మట నేమి? జూనియరు కళాశాలలో చేరుట యొక గడప, ఇంటర్మీడియట్టు పరీక్ష యొక గడప, ఇంజనీరింగు ప్రవేశపరీక్ష యింకొక గడప. గడప గడపకును దరఖాస్తు, రుసుము, బస్సు ఖర్చు, సర్టిఫికెట్ల కొఱకు కార్యాలయముల చుట్టు తిరుగుట. కలవారి బిడ్డకు గడప గడపయే. లేనివారి బిడ్డకు అది గోడ. ఆ రెండు మూడేండ్లలోనే మగపిల్లవాడు కూలికి మఱలును, ఆడుపిల్లకు సంబంధములు చూచుట మొదలగును.

హైస్కూలునకును కళాశాలకును నడుమ నున్న యీ గోడను తగ్గించుటకు ఇతర దేశములవారు చిరకాలము క్రిందటనే పూనుకొనిరి. అమెరికాలో కనెక్టికట్ విశ్వవిద్యాలయము 1955లో తన పాఠములను హైస్కూలు విద్యార్థులకు చెప్పించి, ఉత్తీర్ణులైనవారికి కళాశాల క్రెడిట్టు నొసగు పద్ధతిని ప్రారంభించెను. 1985లో మిన్నెసోటా రాష్ట్రము హైస్కూలు విద్యార్థులు కళాశాలకే పోయి చదువుకొనుటకు చట్టము చేసి, రుసుమును ప్రభుత్వమే భరించునట్లు ఏర్పఱచెను. క్రెడిట్టన మన యంగడి ఖాతాలోని జమ వంటిది. చదివి నెగ్గిన పాఠము బిడ్డ పేర జమపడును. పిమ్మట కళాశాలలో దానిని మరల చదువ నక్కఱలేదు. కాలమును కలిసివచ్చును, రుసుమును కలిసివచ్చును.

ఇది మనకు బొత్తిగా క్రొత్తది కాదు. పూర్వము మద్రాసు రాజధానిలో ఎఫ్.ఏ. తరగతులు గల రెండవశ్రేణి కళాశాలలు పెక్కు హైస్కూళ్లతో కలిసియే యుండెడివి. ఇంటర్మీడియట్టు నాడు విశ్వవిద్యాలయపు చదువే. ఆంధ్రప్రదేశమున 1969-70లో రెండేండ్ల ఇంటర్మీడియట్టును జూనియరు కళాశాలల పాలు చేసి, 1971లో దానికి ప్రత్యేకముగా బోర్డు నేర్పఱచిన పిమ్మట, ఆ మెట్టు విశ్వవిద్యాలయమునుండి వేఱుపడెను. మెట్లు వేఱుపడిన చోట జాఱిపడువారు సామాన్యముగా పేదల బిడ్డలే.

ఈ లోటును తీర్చు ప్రయత్నము మన సీమలోనే, కడప జిల్లా వేంపల్లె మండలమందలి యిడుపులపాయలో జరిగినది. 2008లో శాసనముచే నేర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము నూజివీడు, ఇడుపులపాయ, బాసరలయందు విద్యాలయములను నెలకొల్పి, పదవ తరగతి ముగించిన గ్రామీణ బాలబాలికలను నేరుగా చేర్చుకొనెను. దానికి తొలి కులపతి రాజ్ రెడ్డిగారు. ఆయన 1937లో నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించి, 1994లో కంప్యూటరు శాస్త్రమునకు ట్యూరింగ్ బహుమానము నందిన రాయలసీమ బిడ్డ. అచ్చట చదువు ఆఱేండ్లు: పి.యు.సి. రెండేండ్లు, బి.టెక్. నాలుగేండ్లు. పదవ తరగతి మార్కులే ప్రవేశమునకు ప్రధానము. ప్రభుత్వ బడులలో చదివినవారికి కొంత యాధిక్యమును గలదు.

ఇందు మనము గ్రహింపవలసిన మర్మ మొకటి యున్నది. ఇడుపులపాయలో చదువు కాలము తగ్గదు. బయట ఇంటర్మీడియట్టు రెండేండ్లు, ఇంజనీరింగు నాలుగేండ్లు చదివినను ఆఱేండ్లే. తగ్గునది కాలము కాదు, గండము. పి.యు.సి. నెగ్గిన విద్యార్థి మఱియొక ప్రవేశపరీక్షకు పోనక్కఱలేదు. పదునేనవ యేట విశ్వవిద్యాలయములో కాలిడిన బాలిక యిరువదియొకటవ యేట పట్టముతో వెలువడవచ్చును. ఆ ఆఱేండ్లు ఆమె పేర చదువు వ్రాయబడియున్నది గనుక, పెండ్లి మాట తెచ్చినవారికి తండ్రి చెప్పుకొనుటకు సమాధాన మొకటి దొరకును.

రెండవ త్రోవ పాలిటెక్నిక్కు. పదవ తరగతి పిమ్మట మూడేండ్లు డిప్లొమా చదివినవారు ఈసెట్ పరీక్షలో నెగ్గిన యెడల బి.టెక్. రెండవ సంవత్సరముననే చేరవచ్చును. ఇచ్చట డిప్లొమా చదువే యొక సంవత్సరముగా జమపడినది. నడుమ నాపవలసివచ్చినను చేతిలో డిప్లొమా యుండును. నంద్యాల ప్రభుత్వ పాలిటెక్నిక్కు మనకు చేరువలోనే యున్నది.

మూడవది యిప్పుడిప్పుడే తెఱుచుకొనుచున్న త్రోవ. 2021లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారు క్రెడిట్ల బ్యాంకునకు నిబంధనలు చేసిరి. 2023లో వెలువడిన జాతీయ క్రెడిట్ చట్రము బడి చదువునకును క్రెడిట్లు లెక్కించి, సంవత్సరమునకు 1200 గంటల చదువును 40 క్రెడిట్లుగా నిర్ణయించెను. అయితే చట్రము వేఱు, ఇల్లు వేఱు. బడిలో నుండగా నేర్చిన కళాశాల పాఠమును ప్రతి కళాశాలయు జమకట్టుకొనునని యెవరును భ్రమపడరాదు. చేరుటకు ముందే ఆ కళాశాలవారిని అడిగి, వ్రాతమూలకముగా తెలిసికొనవలయును. మఱియు బడి రికార్డులోని పేరును పుట్టిన తేదీయు ఆధారు కార్డుతో సరిపోవునట్లు ఇప్పుడే దిద్దించుకొనవలయును. ఒక్క యక్షరము తేడా వచ్చిన బిడ్డ పడు తిప్పలు మీ రెఱుగుదురు.

ఇంతవఱకు మంచి చెప్పితిమి. కష్టమును దాచుట ధర్మము కాదు. తెలుగు మాధ్యమమున చదివిన పదునేనేండ్ల బిడ్డ తల్లి నెడబాసి, వేలమంది నడుమ నింగ్లీషు పాఠము వినుచు, మొదటి మాసములలో నేమియు తెలియక కుమిలిపోవుట గలదు. మెఱికయని ఊరంతయు పొగడిన బిడ్డ ఒక్క సబ్జెక్టు తప్పిన నాడు సిగ్గుచే నింటికి వ్రాయడు, ఫోను చేయడు. తొందరపెట్టి పంపుట ప్రేమ కాదు. సిద్ధపఱచి పంపుట ప్రేమ.

ఈ విషయమున మన సంఘము తప్పునుండి మేమును తప్పించుకొనజాలము. ఏటేట ఈ వేదికపై మార్కులు తెచ్చినవారికి శాలువలు కప్పి, ఫోటోలు తీయించితిమి. ఆ ఫోటోలలోని బిడ్డలలో నెందఱు పట్టము వఱకు నడచిరి, ఎందఱు నడుమ నిలిచిపోయిరి యని ఒక్క యేడైన విచారించితిమా? లేదు. ఆ లెక్క మనయొద్ద లేదు. అదియే మన సిగ్గు.

కావున పోషకుల యెదుట మూడు విన్నపములు చేయుచున్నాము. మొదటిది: పదవ తరగతి చదువుచున్న బిడ్డల యిండ్లకు సంక్రాంతి పిమ్మట మన యువకులు పోయి, ఈ త్రోవల నన్నింటిని తల్లిదండ్రులకు తెలిపి, కుల, ఆదాయ, విద్యా ధ్రువపత్రములను సకాలమున తెప్పింపవలయును. సుగ్గికి పోయినవారి బిడ్డలను మఱువరాదు. రెండవది: పరీక్షలు ముగిసిన పిమ్మట వేసవి సెలవులలో మన వసతిగృహమున నింగ్లీషు, గణితములకు ఉచిత తరగతి నడుపవలయును. ఆ తరగతి వాకిట నిలిచిన బిడ్డను నీ కులమేమని అడుగరాదు. కరవు కులము చూచి రాదు. మూడవది: మన విద్యానిధి సహాయము ఒక యేటి బహుమానముగా గాక, చదువు ముగియువఱకు ఏటేట సాగవలయును. ఒక్క సబ్జెక్టు తప్పినంతమాత్రమున దానిని నిలుపరాదు. తప్పిన నాడే బిడ్డకు మన యవసరము హెచ్చు.

అన్నలారా! మెట్టపొలమున విత్తిన రైతు మొలక చూచి మురిసి యిల్లు చేరడు. కలుపు తీసి, కావలి యుండి, పంట యింటికి చేరువఱకు కంటికి నిద్ర యెఱుగడు. పదవ తరగతి మొలక మాత్రమే. వచ్చు సభనాటికి శాలువలతోబాటు ఆ లెక్కను గూడ ఈ వేదికపై చదువుదురుగాక యని కోరుచున్నాము.